జన్యు సమాచారం – మన కుటుంబాల ఆరోగ్యం



ఐఐటీ, ఐసర్ రెండూ మన ఏర్పేడు మండలంలోనే ఉన్నాయి. "ఐసర్‌లో ఏం చదువుతారు సార్?" అని పిల్లలు అడిగినప్పుడల్లా, అక్కడి జీవశాస్త్రంలో మన ఇళ్ళకు పనికొచ్చే ఒక సంగతి చెబుతుంటాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

మన శరీర కణాల్లో సుమారు 300 కోట్ల అక్షరాల పుస్తకం ఒకటి ఉంటుంది. దాన్నే జీనోమ్ అంటారు. తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి వస్తాయి. ఇద్దరు మనుషుల పుస్తకాలను పోల్చితే దాదాపు వెయ్యి అక్షరాలకు ఒకటి చొప్పున తేడా ఉంటుంది. అన్ని లక్షల తేడాల్లో జబ్బు తెచ్చేది ఏదో ఒక్కరి జీనోమ్ చూసి చెప్పడం కష్టం. వేలమందివి పక్కపక్కన పెట్టి చూడాలి. పేపర్లు దిద్దే మా టీచర్లకు ఇది తెలిసిందే. పదిమంది ఒకే వింత తప్పు రాశారంటే, అందరూ ఒకరి దగ్గరే చూసి రాశారని అర్థం. జన్యువుల్లోనూ అంతే. ఒక సముదాయంలో అరుదైన తప్పు చాలామందిలో కనిపిస్తే, సాధారణంగా అది ఏనాటి పూర్వీకుడి దగ్గరి నుంచో వచ్చినదే.

మన తెలుగువారిలోనే ఉదాహరణ ఉంది. ఆపరేషన్‌లో కండరాలు వదులు కావడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తారు. దాని ప్రభావం నిమిషాల్లో పోవాలి. వైశ్యుల్లో కొందరికి ఆ మందును విచ్ఛిన్నం చేసే ఎంజైమ్ లోపం ఉంటుంది. వారు గంటల తరబడి సొంతంగా ఊపిరి తీసుకోలేరు. ఈ లోపం వైశ్యుల్లో ఇతరులకన్నా సుమారు 100 రెట్లు ఎక్కువ. ముందే తెలిస్తే డాక్టరు వేరే మందు వాడతాడు, ప్రాణం నిలుస్తుంది.

హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్, అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ రైక్ బృందాలు 2017లో ప్రచురించిన అధ్యయనంలో దక్షిణాసియాలోని 260కి పైగా సముదాయాలను పోల్చి చూశాయి. కొద్దిమంది పూర్వీకులతో మొదలై, తరతరాలుగా తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకున్న చాలా సముదాయాల్లో ఇలాంటి ముప్పు ఉందని తేలింది. ఇది ఎవరికీ మచ్చ కాదు. అందరి ఇంటి సంగతీ ఇదే.

మన విషయానికి వద్దాం. మనలో చిన్నాన్న, పెదనాన్న, మామ, అత్తల పిల్లల మధ్య పెళ్ళిళ్ళు ఉన్నాయి. పొరుగువారిలో మేనరికాలు ఉన్నాయి. అలాంటి దంపతుల జన్యువుల్లో ఎనిమిదో వంతు ఒకే పూర్వీకుల నుంచి వచ్చినవై ఉంటాయి. కాబట్టి దాగి ఉన్న ఒకే తప్పు ఇద్దరిలోనూ ఉండే అవకాశం పెరుగుతుంది. నా తరగతిలో ఒక అబ్బాయి మూడు వారాలకోసారి బడి మానేవాడు. తలసేమియా, రక్తం ఎక్కించుకోవాలి. తల్లిదండ్రులు దగ్గరి బంధువులు. ఇద్దరూ ఆరోగ్యంగానే ఉన్నారు, కానీ ఇద్దరూ ఆ జన్యువు మోస్తున్నవారే. అలాంటి జంటకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ముప్పు. పెళ్ళికి ముందు చిన్న రక్తపరీక్షతో తెలిసేది. ఆ మాట వాళ్ళకు చెప్పినవారు లేరు.

2020లో మొదలైన జీనోమ్ ఇండియా పథకంలో 20 సంస్థలు కలిసి దేశవ్యాప్తంగా 10,000 మంది జీనోమ్‌లు చదివాయి. ఆ సమాచారం 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. ఐరోపావారి లెక్కలతో మన జబ్బులన్నీ తెలియవు. మనవాళ్ళ సమాచారం ఉంటేనే మనకు సరిపడే పరీక్షలు, మందులు వస్తాయి. అయితే రక్తం ఇచ్చేముందు దేనికో, ఎవరు దాచుకుంటారో అడిగి తెలుసుకుని సంతకం చేయాలి. అది మన ఒక్కరిది కాదు, ఇంటిల్లిపాదిదీ.

దాతలకు నా విన్నపం రెండే. పెళ్ళిసంబంధం చూసే పేద కుటుంబాలకు తలసేమియా పరీక్ష ఖర్చు మన సొసైటీ భరించేలా కొంత నిధి కేటాయించండి. సైన్స్ చదవాలనుకునే మన ఆడపిల్లకు, మగపిల్లాడికి చేయూతనివ్వండి. ఐసర్ గేటు మన ఊరికి దగ్గరే. ఆ గేటు లోపలికి మన పిల్లలూ వెళ్ళాలి.