రంగనతిట్టు - కావేరి నడుమ పక్షుల ఊరు

'తిట్టు' అనగానే మన ఇళ్ళలో పిల్లలు నవ్వుతారు. కన్నడంలో ఆ మాటకు మిట్ట అని అర్థం. శ్రీరంగపట్టణానికి చేరువలో, కావేరి నడుమ చెట్లతో నిండిన చిన్న చిన్న లంకలకే రంగనతిట్టు అని పేరు.

1645-48 మధ్య నదికి అడ్డకట్ట కట్టినందువల్ల ఈ లంకలు ఏర్పడినవి. చుట్టూ నీరు, నీటిలో మొసళ్ళు. నేలమీది శత్రువు గూటి దరికి రాలేదు. పక్షులకు అంతకంటె ఏమి కావాలి? పక్షిశాస్త్రజ్ఞులు సలీం అలీగారు మైసూరు ప్రభువులకు నచ్చజెప్పగా 1940లో ఇది రక్షితస్థల మయినది. 2022లో రామ్సార్ జాబితాకు ఎక్కినది.

పడవలో వెళ్తే తెడ్డుమూతి కొంగలు, నత్తగుల్ల కొంగలు, గూడబాతులు దగ్గరగా కనబడతాయి. పిల్లలను కేకలు వేయనీయకండి. తల్లి బెదిరి లేచిపోతే గుడ్లు ఎండకూ కాకులకూ పాలవుతాయి. చేతులు నీటిలో పెట్టనీయకండి.

ఎగువన కృష్ణరాజసాగరం ఉన్నది. దాని నిర్మాణానికి పూనుకున్న విశ్వేశ్వరయ్యగారి పూర్వులు ఆంధ్రదేశంలోని మోక్షగుండం వారే. మన పొలాలకు నీరిచ్చే ఆ ఆనకట్ట గేట్లు వరదకాలంలో ఎత్తితే, ఇక్కడి పల్లపు లంకలు మునుగుతాయి, గూళ్ళకు ముప్పు. 2019 వరదలో పడవలు కూడ ఆపివేశారు. కనుక వానకాలంలో ముందుగా విచారించుకొని బయలుదేరండి.

వెళ్ళినప్పుడు పిల్లలకు ఆ పక్షుల తెలుగు పేర్లు చెప్పండి. మనం చెప్పకపోతే, ఇక్కడ వారికి చెప్పేవా రెవరు?