కారు అద్దాలకు కూలింగ్ పేపరు: వేయించాలా, వద్దా?



సూరత్ నగరంలోని కతర్‌గామ్ వజ్రాలకు సానపట్టే పనికి ప్రసిద్ధి. అక్కడి పనివాళ్ల చేతిలో ఉండే వజ్రమూ, వాళ్లు వచ్చిపోయే వాహనాల అద్దమూ పైకి ఒక్కలాగే కనిపిస్తాయి. రెండూ తెల్లగా, నిర్మలంగా, అవతలి వస్తువును చూపించేవిగా ఉంటాయి. కానీ ఎండ విషయంలో ఆ రెంటి ప్రవర్తన ఒకటి కాదు. ఆ తేడా అర్థం చేసుకుంటే, కారు కొన్న ప్రతి కుటుంబంలోనూ ఎప్పుడో ఒకప్పుడు తలెత్తే ప్రశ్నకు మీరే జవాబు చెప్పగలుగుతారు. కారు అద్దాలకు నల్ల ఫిల్మ్ వేయించాలా, వద్దా?

సూరత్‌లో స్థిరపడిన తెలుగువారైనా, మన తెలుగు రాష్ట్రాల్లో ఉన్నవారైనా ఈ ఫిల్మ్‌ను మామూలుగా ‘కూలింగ్ పేపరు’ అంటారు. పేరులోనే చల్లదనం ఉంది. ఆ పేరు ఎంతవరకు నిజమో ముందుగా పరిశీలిద్దాం.

ఎండలో ఏముంది?

ఆకాశం నిర్మలంగా ఉన్న మధ్యాహ్న వేళ, సూర్యునికి ఎదురుగా ఉన్న ఒక చదరపు మీటరు తలం మీద సుమారు 1000 వాట్ల సౌరశక్తి పడుతుంది. ఇందులో మూడు భాగాలున్నాయి. సుమారు 5 శాతం అతినీలలోహిత కిరణాలు, 43 శాతం కంటికి కనిపించే కాంతి, మిగిలిన 52 శాతం పరారుణ కిరణాలు. అంటే ఎండలోని శక్తిలో సగానికి పైగా మన కంటికి కనిపించనే కనిపించదు.

ఇప్పుడు కారు అద్దం సంగతి చూద్దాం. దృశ్యకాంతిని అది చాలావరకు లోపలికి పంపుతుంది. సూర్యుని నుంచి వచ్చే పరారుణ కిరణాలలోనూ ఎక్కువ భాగాన్ని పంపుతుంది. ఇవి లోపలి సీట్ల మీద, డాష్‌బోర్డు మీద పడి వాటిని వేడెక్కిస్తాయి. 70 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కిన డాష్‌బోర్డు తానూ వికిరణాన్ని వెలువరిస్తుంది. వీన్ నియమం ప్రకారం లెక్కిస్తే దాని ప్రధాన తరంగదైర్ఘ్యం సుమారు 8.4 మైక్రోమీటర్లు. ఇంత పొడవైన తరంగాలకు గాజు దాదాపు గోడతో సమానం. దానికి తోడు వేడెక్కిన గాలి పైకి లేచి బయటికి పోవడానికి దారి లేదు. లోనికి వచ్చిన వేడి లోపలే చిక్కుకుంటుంది.

వజ్రం అలా కాదు. గోల్కొండ వజ్రాలుగా పేరుపొందిన మేలురకం స్వచ్ఛమైన వజ్రాలు అతినీలలోహితంలో చాలా భాగాన్నీ, దృశ్యకాంతినీ, గాజు ఆపివేసే దీర్ఘ పరారుణ కిరణాలను కూడా తమగుండా పోనిస్తాయి. మరోవైపు జెర్మేనియం అనే మూలకం కంటికి నల్లని లోహపు బిళ్లలా కనిపిస్తుంది. కానీ పరారుణ కిరణాలు దానిగుండా దూసుకుపోతాయి. అందుకే ఉష్ణాన్ని చిత్రించే కెమెరాలలో దానితో కటకాలు చేస్తారు.

దీన్నిబట్టి మనం గ్రహించవలసిన సూత్రం ఒకటుంది. పారదర్శకత అనేది ఒకే గుణం కాదు. అది తరంగదైర్ఘ్యాన్ని బట్టి మారుతుంది. కంటికి నల్లగా కనిపించేది వేడిని ఆపుతుందని గానీ, తెల్లగా కనిపించేది వేడిని వదిలేస్తుందని గానీ అనుకోవడానికి వీలు లేదు.

నలుపు వేరు, చల్లదనం వేరు

ఒక చిన్న లెక్క వేద్దాం. చదరపు మీటరు అద్దం మీద 1000 వాట్ల ఎండ పడుతోందనుకోండి. అందులో 430 వాట్లు దృశ్యకాంతి, 520 వాట్లు పరారుణం. ఒక ఫిల్మ్ దృశ్యకాంతిలో సగాన్ని ఆపి, పరారుణాన్ని మాత్రం ముట్టుకోదనుకుందాం. చవక రంగు ఫిల్మ్‌లు కొంచెం అటూ ఇటుగా ఇలాంటివే. అది ఆపేది 215 వాట్లు. మరో ఫిల్మ్ దృశ్యకాంతిలో పదోవంతును మాత్రమే ఆపి, పరారుణంలో 80 శాతాన్ని ఆపుతుందనుకుందాం. అది ఆపేది 43, 416 కలిపి 459 వాట్లు. చూపుకు దాదాపు తెల్లగా ఉన్న రెండోది, నల్లగా ఉన్న మొదటిదానికంటే రెట్టింపు పని చేసింది!

సిరామిక్ ఫిల్మ్‌లు ఈ రెండో కోవకు చెందుతాయి. వాటిలో ఇండియం టిన్ ఆక్సైడ్ వంటి పదార్థాల అతిసూక్ష్మ కణాలుంటాయి. అవి దృశ్యకాంతిని పోనిచ్చి పరారుణాన్ని శోషిస్తాయి. లోహపు పూత ఉన్న ఫిల్మ్‌లు వేడిని కొంతవరకు పరావర్తనం చేస్తాయి. కాని ఆ లోహపు పొర రేడియో తరంగాలకు కూడా అడ్డు రావచ్చు. రంగు వేసిన ఫిల్మ్ కొన్నాళ్లకు ఎండకు వెలిసిపోతుంది.

ఇక్కడ మరో మెలిక ఉంది. ఫిల్మ్ శోషించుకున్న వేడి మాయమైపోదు. అద్దాన్నే వేడెక్కిస్తుంది. కారు నడుస్తుంటే బయటి గాలి ఆ వేడిలో చాలా భాగాన్ని తీసుకుపోతుంది. కారు ఆగి ఉంటే అందులో కొంత భాగం తిరిగి లోపలికే చేరుతుంది.

ఇక ఎండ ఎటునుంచి వస్తుందో కూడా గమనించాలి. సూరత్ ఉత్తర అక్షాంశం సుమారు 21.2 డిగ్రీలు. అంటే కర్కటరేఖకు కొంచెం దిగువన ఉంది. మే నెలాఖరులో ఒకసారి, జులై మధ్యలో మరొకసారి మధ్యాహ్నపు సూర్యుడు కతర్‌గామ్‌కు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ వేళ నిలువుగా ఉండే పక్క అద్దాల మీద నేరుగా పడే ఎండ చాలా తక్కువ. అసలు వేడి పైకప్పు ద్వారా, వాలుగా ఉన్న ముందు అద్దం ద్వారా వస్తుంది. పక్క అద్దాల ఫిల్మ్ పనికొచ్చేది ముఖ్యంగా ఉదయం తొమ్మిది ప్రాంతంలో, మళ్లీ సాయంత్రం నాలుగైదు గంటల వేళ.

చర్మం మాటేమిటి?

అతినీలలోహిత కిరణాల నుంచి రక్షణ కోసం ఫిల్మ్ కావాలనే వారున్నారు. ఇందులో కొంత నిజముంది. ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొరను ఇరికించి చేసినది. ఆ పొర ఈ కిరణాలను దాదాపు పూర్తిగా ఆపుతుంది. పక్క అద్దాలు ఒంటి పలకలు. చర్మాన్ని కమిలించే పొట్టి తరంగాలను అవీ ఆపుతాయి. కానీ చర్మాన్ని త్వరగా ముడతలు పడేలా చేసే పొడవైన అతినీలలోహిత తరంగాలను కొంతవరకు వదిలేస్తాయి. 2016లో ప్రచురితమైన ఒక పరిశీలనలో ముందు అద్దాలు ఈ కిరణాలను సగటున 96 శాతం ఆపగా, పక్క అద్దాలు సగటున 71 శాతమే ఆపాయి. కారును బట్టి ఇది 44 నుంచి 96 శాతం దాకా మారింది. అయితే ఈ రక్షణకు నలుపు రంగు అక్కరలేదు. పూర్తిగా తెల్లని ఫిల్మ్ కూడా ఈ పని చేయగలదు.

చీకటి పడ్డాక

పట్టపగలు ఆరుబయట వెలుగు లక్ష లక్స్ దాకా ఉండవచ్చు. వీధిదీపాల కింద అది పది, ఇరవై లక్స్‌లకు పడిపోతుంది. మన కన్ను ఈ తేడాకు సర్దుకోగలదు. అందుకే పగటిపూట దుకాణంలో చూసినప్పుడు సగం కాంతిని ఆపే ఫిల్మ్ కూడా మనకు ‘పెద్ద తేడా ఏమీ లేదు’ అనిపిస్తుంది. రాత్రి ఉన్న కాస్త వెలుగులో సగం పోతే మాత్రం ముదురు రంగు బట్టలు వేసుకుని రోడ్డు దాటుతున్న మనిషి కనిపించడం ఆలస్యమవుతుంది.

ఎంత ఆలస్యం ప్రమాదం? గంటకు 50 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు సుమారు 14 మీటర్లు. అర సెకను ఆలస్యంగా చూస్తే, బ్రేకు మీద కాలు పెట్టకముందే కారు 7 మీటర్లు అదనంగా ముందుకు పోయి ఉంటుంది.

ఎదుటి బండి లైటు కళ్లలో కొట్టకుండా ఫిల్మ్ కాపాడుతుంది కదా అని మీరడగవచ్చు. ఫిల్మ్ ఆ లైటును ఎంత తగ్గిస్తుందో, పక్కనున్న మనిషి నుంచి వచ్చే వెలుగునూ అంతే తగ్గిస్తుంది. రెండింటి నిష్పత్తి మారదు. కనుక మిరుమిట్లలోంచి మనిషిని వేరుచేసి చూపడంలో ఫిల్మ్ సాయపడదు.

బయటివారి వైపు నుంచి కూడా ఆలోచించండి. సందు మలుపులో స్కూటరు నడిపేవారు డ్రైవరు ముఖం చూసి, అతను తమను గమనించాడో లేదో తెలుసుకుంటారు. ఆగి ఉన్న కారు రెండు పక్క అద్దాల గుండా అవతల ఏముందో చూస్తారు. ఒక్కొక్క అద్దం 50 శాతం పంపితే రెండూ కలిసి పంపేది 25 శాతమే.

అన్నిటికంటే ముఖ్యమైన మాట

ఆగి ఉన్న కారు ఎంత త్వరగా వేడెక్కుతుందో తెలుసా? అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2005లో ప్రచురించిన అధ్యయనంలో, ఎండలో నిలిపిన కారు లోపలి ఉష్ణోగ్రత గంటలో సగటున 22 డిగ్రీల సెల్సియస్ పెరిగింది. ఆ పెరుగుదలలో 80 శాతం మొదటి అరగంటలోనే వచ్చింది. అద్దాలను కొంచెం దించి ఉంచినా చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

2024 నవంబరులో గుజరాత్‌లోని అమ్రేలీ జిల్లా రాంధియా గ్రామంలో ఆడుకుంటూ కారెక్కిన నలుగురు పిల్లలు లోపల చిక్కుకుని చనిపోయారు. అది వేసవి కూడా కాదు. 2025 మే నెలలో విజయనగరం జిల్లా ద్వారపూడిలో మరో నలుగురు పిల్లలు ఇలాగే ప్రాణాలు కోల్పోయారు. పిల్లల శరీరం పెద్దలకంటే త్వరగా వేడెక్కుతుంది. ఏ ఫిల్మూ ఆగి ఉన్న కారును పిల్లలకు సురక్షితం చేయలేదు. పైగా ముదురు ఫిల్మ్ ఉంటే లోపల ఎవరైనా ఉన్నారా అన్నది దారిన పోయేవారికి కనిపించదు. కారును ఎప్పుడూ తాళం వేసి ఉంచడం, తాళంచెవి పిల్లలకు అందకుండా పెట్టడం, పిల్లలు కనిపించకపోతే ముందుగా చుట్టుపక్కల కార్లలో వెతకడం ప్రతి ఇంటా అలవాటు కావాలి.

చట్టం ఏమంటోంది?

కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 100వ నియమం ప్రకారం ముందు, వెనుక అద్దాలు కనీసం 70 శాతం, పక్క అద్దాలు కనీసం 50 శాతం దృశ్యకాంతిని పంపాలి. అవిషేక్ గోయెంకా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్ 27న తీర్పునిస్తూ, ఎంత శాతం కాంతిని పంపేదైనా సరే, అద్దాల మీద నల్ల ఫిల్మ్ అతికించడాన్ని నిషేధించింది. అద్దాన్ని తయారీలోనే పరిమితికి లోబడి రంగుతో చేయవచ్చునంది. ఆ తరువాత 100వ నియమాన్ని సవరించారు. 2021 ఏప్రిల్ 1 నుంచి అమలైన ఈ సవరణ భారతీయ ప్రమాణాలకు లోబడిన ప్లాస్టిక్ పొర గల ‘సేఫ్టీ గ్లేజింగ్’ను కూడా అనుమతించింది. 70, 50 శాతాల పరిమితి అలాగే ఉంది. ఈ సవరణ ఆధారంగా, ప్రమాణాలకు లోబడిన ఫిల్మ్ వేసినవారిపై చర్య తీసుకోరాదని కేరళ హైకోర్టు 2024 సెప్టెంబరులో చెప్పింది. అయితే ఆ తీర్పు నేరుగా వర్తించేది కేరళకే. మిగిలినచోట్ల పోలీసులు 2012 తీర్పునే చూపవచ్చు.

ఈ శాతాల లెక్కలో చాలామంది పొరబడతారు. పరిమితి అద్దమూ ఫిల్మూ కలిపి. పక్క అద్దం 75 శాతం కాంతిని పంపేదై, దాని మీద ‘50 శాతం’ అని రాసి ఉన్న ఫిల్మ్ అతికిస్తే మొత్తం 37.5 శాతమే వెళుతుంది. అది నియమ విరుద్ధం. 70 శాతం ఫిల్మ్ అయితే 52.5 శాతం వస్తుంది. అది అతికష్టం మీద గట్టెక్కుతుంది. ఏ గాజూ నూటికి నూరు శాతం కాంతిని పంపదు కాబట్టి, ‘50 శాతం’ ఫిల్మ్ ఏ కారు మీదా పరిమితిలో ఉండదు.

మీరే కొలిచి చూడండి

చాలా సెల్‌ఫోన్లలో వెలుగును లక్స్‌లలో చూపే సెన్సారు ఉంటుంది. పక్క అద్దం దించి, ఫోనును లోపల ఒకచోట కదలకుండా ఉంచి అంకె రాసుకోండి. అద్దం ఎత్తి మళ్లీ రాసుకోండి. రెండో అంకెను మొదటిదానితో భాగించి వందతో గుణిస్తే అద్దం ప్రసార శాతం సుమారుగా వస్తుంది. రెండుసార్లూ ఎండ ఒకేలా ఉండాలి. అధికారిక పరీక్షకు ఇది సాటిరాదు గాని, దుకాణదారుని మాటను తూచడానికి చాలు.

మరి నిర్ణయం ఎలా?

మీ ఇంట్లో ఈ మాట వచ్చినప్పుడు ఈ వరుసలో అడగండి. కారు ఎక్కువగా ఎప్పుడు తిరుగుతుంది? రాత్రి పూట, ఇరుకు వీధుల్లో అయితే కాంతిని తగ్గించే ఏ ఫిల్మూ వద్దు. కావలసింది చల్లదనమా, చాటా? చాటు కోసమైతే చట్టం ఒప్పుకోదు. చల్లదనం కోసమైతే ముందు ఖర్చులేని పనులు చేయండి. నీడన నిలపడం, నిలిపినప్పుడు ముందు అద్దానికి మడత తెర పెట్టడం, ఎక్కగానే తలుపులు తెరిచి వేడిగాలిని పోనిచ్చి ఆ తరువాత ఏసీ వేయడం చాలా మేలు చేస్తాయి. అప్పటికీ చాలదనుకుంటే, పరారుణాన్ని ఎంత ఆపుతుందో, దృశ్యకాంతిని ఎంత పంపుతుందో రాసి ఉన్న, దాదాపు తెల్లని ఫిల్మ్‌ను మాత్రమే ఆలోచించండి. ప్రమాణ పత్రం, రసీదు తీసుకోండి. మీ ఊరి రవాణా శాఖ అధికారులను ముందుగానే అడగండి. రంగు ఎంత ముదురో చూసి కొనవద్దు.

కతర్‌గామ్‌లో వజ్రాన్ని చేతపట్టినవారు పైమెరుపు చూసి వెల కట్టరు. భూతద్దం పెట్టి లోపల ఏముందో చూస్తారు. కూలింగ్ పేపరును కూడా అలాగే పరీక్షించండి.