టార్చి యాప్ ఏమైంది?

ఒకప్పుడు ఐఫోన్‌లో టార్చి వెలగాలంటే విడిగా యాప్ వేసుకోవాల్సి వచ్చేది. 2013లో ఐఓఎస్ 7తో యాపిల్ దాన్ని ఫోన్‌లోనే పెట్టేసింది. ఇక ఆ యాప్ ఎవరికి కావాలి? తనంతట తాను నిలబడేది ప్రాడక్ట్. మరొకదానిలో ఒదిగిపోయేది ఫీచర్.

గీత గీయడం అంత తేలిక కాదు లెండి. డ్రాప్‌బాక్స్‌ను స్టీవ్ జాబ్స్ ఉత్త ఫీచరే అన్నారు. ఏ కంపెనీ ఫోన్‌లోనైనా, కంప్యూటర్‌లోనైనా తమ ఫైలు దొరకడం జనానికి అవసరమైంది. 2018లో ఆ సంస్థ స్టాక్ మార్కెట్‌కెక్కింది.

చందా కట్టమంటూ మా బడికొచ్చే యాప్‌ల వాళ్లను అందుకే అడుగుతుంటాను: పిల్లల హాజరు సంగతి వాట్సాప్‌లోనే పంపుతున్నాం, మీరు అదనంగా ఇచ్చేదేమిటి? ఈ రాష్ట్ర సిలబస్ పాఠాలు తెలుగులో ఉన్నాయా? ఇంతవరకు ఒక్కరూ ఉన్నాయనలేదు.