మేకల పెంపకం: 20 మేకలతో షెడ్డు పెడుతున్నారా? తొలి 15 నెలల లెక్క ముందే వేసుకోండి

తక్కువ పెట్టుబడి, ఏడాది పొడవునా గిరాకీ, ఏడాది తిరిగేసరికి మంద రెట్టింపు. మేకల పెంపకంపై ఫోన్‌లో ఏ వీడియో తెరిచినా వినిపించే మాటలివే. గిరాకీ మాట నిజమే. మేకను పేదవాడి ఆవు అని ఊరికే అనలేదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో 14.88 కోట్ల మేకలున్నాయి. వాటిలో ఎక్కువ భాగం చిన్న రైతులు, కూలీల ఇళ్లలో పెరుగుతున్నవే.

కానీ అరెకరం పొలంలో షెడ్డు వేసి, అప్పు తెచ్చి, దాణా కొని పెంచేవాళ్ల లెక్క వేరు. మేకలు బాగానే ఉన్నా చేతిలో డబ్బులు అయిపోయి, చూడి మేకలనే సంతకు తోలుకెళ్లాల్సిన పరిస్థితి రావచ్చు. ఎందుకంటే మొదటి అమ్మకం చేతికి రావడానికి దాదాపు 15 నెలలు పడుతుంది. ఈ 15 నెలలు గట్టెక్కితేనే వ్యాపారం నిలబడుతుంది.

15 నెలలు ఎందుకు?

20 ఆడ మేకలు, ఒక పోతుతో మొదలుపెట్టారనుకుందాం. కొత్త చోటికి, కొత్త మేతకు అలవాటు పడటానికి నెల రోజులు పోతాయి. మేకలు 21 రోజులకోసారి ఎదకు వస్తాయి. అన్నీ చూలు కట్టేసరికి ఇంకో నెల, నెలన్నర. చూడి కాలం సుమారు 150 రోజులు. అంటే పిల్లలు పుట్టేసరికే ఏడెనిమిది నెలలు. ఆ పిల్లలు మాంసానికి అమ్ముకునే బరువుకు రావాలంటే మరో ఏడెనిమిది నెలలు ఆగాలి.

ఈలోగా ఖర్చు ఆగదు. షెడ్డులోనే ఉంచి పెంచితే పచ్చిమేత, ఎండుమేత కాకుండా ఒక్కో మేకకు రోజుకు పావుకిలో దాణా వేస్తారు. 21 మేకలకు రోజుకు 5 కిలోలకు పైగా, నెలకు సుమారు 157 కిలోలు. దాణా కిలో రూ.30 అనుకున్నా 15 నెలలకు రూ.70 వేలు దాటుతుంది. మందులు, కరెంటు, కూలి, బ్యాంకు వాయిదా దీనికి అదనం. షెడ్డుకు, మేకలకు పెట్టే డబ్బే పెట్టుబడి అనుకుంటే పదో నెలలోనే ఇబ్బంది మొదలవుతుంది.

అందుకే మేకల కంటే ముందు మేత పెంచుకోవాలి. సుబాబుల్, అవిశె, మునగ, దశరథ గడ్డి, సూపర్ నేపియర్ లాంటివి మూడు నాలుగు నెలల ముందే వేసుకుంటే దాణా ఖర్చు చాలా తగ్గుతుంది. కంది పొట్టు, వేరుశనగ కట్టె లాంటి ఎండుమేతను పంట చేతికొచ్చే రోజుల్లోనే కొని నిల్వ చేసుకుంటే చవకగా వస్తుంది.

ఎన్ని పుట్టాయని కాదు.. ఎన్ని బతికాయి?

కాగితం మీద లెక్క ఎప్పుడూ బాగానే ఉంటుంది. ఉదాహరణకు 20 మేకల్లో 18 ఈనాయి, 27 పిల్లలు పుట్టాయి అనుకుందాం. నాలుగు చనిపోతే 23 మిగులుతాయి. పది చనిపోతే 17. ఒక్కో పిల్ల రూ.8 వేలకు అమ్ముడుపోతుందనుకుంటే తేడా రూ.48 వేలు. తల్లి మేకల మేత ఖర్చు మాత్రం ఒక్క రూపాయి కూడా తగ్గదు. పైగా మంద పెరగాలంటే ఆడపిల్లల్ని ఉంచుకోవాలి. అంటే మొదటి ఈతలో అమ్మకానికి వచ్చేవి ఇంచుమించు సగమే.

పిల్ల పుట్టిన మొదటి గంట, గంటన్నరలోపే ముర్రుపాలు తాగించాలి. రోగాలను తట్టుకునే శక్తి పిల్లకు అందేది ఆ పాలతోనే. బొడ్డు కోసిన చోట టించర్ అయోడిన్ రాయాలి. చలి, వాన గాలి తగలకుండా కింద పొడి గడ్డి పరచాలి. పైసా ఖర్చు లేని ఈ పనులే చాలా పిల్లల్ని కాపాడతాయి.

సంత నుంచి మేకతో పాటే రోగం

కొత్తగా కొన్న మేకల్ని నేరుగా మందలో కలపడం పెద్ద పొరపాటు. కనీసం మూడు వారాలు విడిగా ఉంచాలి. పారుడు రోగం అని పిలిచే పీపీఆర్ ఇలాగే మందలోకి వస్తుంది. తీవ్ర జ్వరం, కళ్లు ముక్కు కారడం, నోట్లో పుండ్లు, విరేచనాలు దీని లక్షణాలు. ఇది వైరస్ కాబట్టి నేరుగా నయం చేసే మందు లేదు. టీకా ఒక్కటే రక్ష. ఒకసారి సరిగా వేయిస్తే మూడేళ్ల వరకు పనిచేస్తుంది. 2030 నాటికి ఈ రోగాన్ని ప్రపంచంలోనే లేకుండా చేయాలని అంతర్జాతీయ సంస్థలు లక్ష్యంగా పెట్టుకున్నాయి.

ఇంకోటి చిటుకు రోగం. తొలకరి వానలకు మొలిచిన లేత గడ్డిని ఒక్కసారిగా ఎక్కువ మేసినా, దాణా హఠాత్తుగా పెంచినా ఇది వస్తుంది. బాగా తిని, పుష్టిగా ఉన్న పిల్లే రాత్రికి రాత్రి చనిపోతుంది. వానలకు ముందే, అంటే ఏప్రిల్, మే నెలల్లో టీకా వేయించాలి. మేతను కొద్దికొద్దిగా మాత్రమే మార్చాలి. నట్టల మందు వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి తప్పనిసరి. ఏ మందు, ఎంత మోతాదు అన్నది పశువైద్యుడినే అడగాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య సేవలు అందుతాయి.

సబ్సిడీ ఎవరికి?

ఇక్కడే చాలామందికి గందరగోళం. జాతీయ పశుధన మిషన్ కింద కేంద్రం 50 శాతం సబ్సిడీ ఇస్తున్న మాట నిజం. అయితే గొర్రెలు, మేకల్లో కనీస యూనిట్ 100 ఆడవి, 5 మగవి. దానికి గరిష్ఠ సబ్సిడీ రూ.10 లక్షలు. 500 ఆడవి, 25 మగవి ఉన్న యూనిట్‌కు రూ.50 లక్షల వరకు ఉంటుంది. ఈ డబ్బు ముందుగానే చేతికి ఇచ్చేది కాదు. రెండు విడతలుగా వస్తుంది. భూమి కొనడానికి వర్తించదు.

అంటే 20 మేకలతో మొదలుపెట్టేవాళ్లు ఈ సబ్సిడీని నమ్ముకుని లెక్క వేసుకోకూడదు. అలాగని సబ్సిడీ కోసమే అనుభవం లేకుండా ఒకేసారి 105 జీవాలు దించితే, ఒక్క రోగం చాలు.. మొత్తం మునగడానికి. చిన్న రైతులకు దారి కిసాన్ క్రెడిట్ కార్డు. 2018-19 నుంచి పశుపోషకులకూ ఈ సదుపాయం ఇచ్చారు. దాణా, మందుల లాంటి రోజువారీ ఖర్చులకు దీన్ని వాడుకోవచ్చు. మేకలకు బీమా కూడా చేయించాలి. అయితే చెవికి వేసిన ట్యాగు పోతే పరిహారం దగ్గర చిక్కులు వస్తాయి. కాబట్టి రాలిపోయిన రోజే చెప్పి కొత్తది వేయించుకోవాలి.

అమ్మకం చేతుల్లోనే ఉంది

బక్రీద్, దసరా, సంక్రాంతి, ఊరి జాతర.. ధర పలికే రోజులు ఇవే. బక్రీద్ ఖుర్బానీకి ఏడాది నిండిన, కుంటి, గుడ్డి లాంటి లోపాలు లేని మేకలే కావాలి. ఆ పండుగ తేదీ నుంచి వెనక్కి లెక్క వేసుకుని పోతును మందలో వదిలితే అమ్మకం సమయం కలిసొస్తుంది. కంటి అంచనాతో బేరం ఆడితే నష్టపోయేది రైతే. ఒక తూకం కాటా కొనుక్కుని బతికున్న మేక బరువు మీదే ధర అడగాలి. పుట్టిన పిల్లలతోనే పోతు జత కట్టకుండా రెండేళ్లకోసారి దాన్ని మార్చాలి. లేదంటే తర్వాతి ఈతల్లో పిల్లలు బలహీనంగా పుడతాయి.

మేకలు కొనే ముందు ఒక కాగితం మీద మూడు అంకెలు రాసుకోవాలి. 15 నెలల మేత, మందుల ఖర్చు ఎంత? అందులో చేతిలో ఉన్నది ఎంత? పుట్టిన పిల్లల్లో మూడో వంతు పోయినా వాయిదా కట్టగలరా? మూడో ప్రశ్నకు జవాబు 'కట్టలేం' అయితే 20 బదులు 10 మేకలతో మొదలుపెట్టడం మేలు. మేక చూడి కాలం ఐదు నెలలే.. మంద పెరగడానికి ఎక్కువ రోజులు పట్టదు.