కొరుక్కోడానికా, బజ్జీకా?

శ్రీకాకుళం పల్లెల్లో చోడి అంబలి తాగేవాళ్లకి పక్కన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ ఉండాల్సిందే. తరవాణి అన్నానికైనా అంతే. ఆ మిరపకాయ సన్నగా, చిటికెన వేలంత ఉంటే చాలు. కొరికితే టప్పున తెగాలి, గుటక దిగేలోగా నషాళానికి అంటాలి. సాయంత్రం విజయనగరం గంటస్తంభం దగ్గర బజ్జీల బండి ముందు నిలబడ్డవాళ్ల సంగతి వేరు. వాళ్లకి కావాల్సింది జానెడు పొడుగు, బొటనవేలంత లావు, కారం ఉందో లేదో తెలియని కాయ. ఇంట్లో పోపులోకి ఎండుమిరప మరొకటి. పిల్లలు నూడుల్స్‌లో ఏరుకుని మరీ తినే బుట్ట మిరప ఇంకొకటి.

వృక్షశాస్త్రం లెక్కలో ఈ నాలుగూ ఒకే జాతి. కానీ నాలుగూ ఒకే మొక్కకి కాయవు.

పెరట్లో మిరప వేసేవాళ్లు తరచుగా తప్పటడుగు వేసేది ఇక్కడే. సంతలోనో నర్సరీలోనో ‘మిరప నారు’ అని అడిగి, ఇచ్చింది పట్టుకొచ్చి నాటేస్తారు. రెండు నెలలు నీళ్లు పోసి, పశువుల ఎరువు వేసి, పురుగులు ఏరి పెంచాక కాసిన కాయ కూరలో వేస్తే కారం చాలదు. బజ్జీ వేద్దామంటే చీల్చి వాము కూరేంత లావుండదు. విత్తనాల ప్యాకెట్ మీద బొమ్మ చూసి కొన్నవాళ్ల పాట్లూ ఇవే. ఆ బొమ్మలో కాయ నిగనిగలాడుతుంది, ఏ వంటకి పనికొస్తుందో మాత్రం చెప్పదు. కాబట్టి రకం ఎంపిక మొదలు కావాల్సింది పెరట్లో కాదు, వంటింట్లో.

ఎంచుకునే ముందు కారం సంగతి కాస్త తెలుసుకుంటే మంచిది. కారమంతా గింజల్లోనే ఉంటుందని అనుకుంటారు. పచ్చిమిరపకాయని నిలువునా చీల్చి చూస్తే, గింజలు పట్టుకుని వేలాడే తెల్లటి ఈనె ఒకటి కనిపిస్తుంది. కాప్సైసిన్ అనే ఘాటు పదార్థం తయారయ్యేది ఆ ఈనెలో. గింజలకి ఉండే కారం దానికి ఆనుకుని ఉన్నందువల్ల అంటినదే. గింజలు మాత్రం దులిపేసి ‘అయినా మండిపోతోంది’ అనేవాళ్లు ఆ ఈనెని కూడా గీకేస్తే సగం గొడవ తీరుతుంది. విల్బర్ స్కోవిల్ అనే అమెరికన్ ఫార్మసిస్టు 1912లో కారాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టాడు. మిరప సారాన్ని పంచదార నీళ్లలో పలచన చేస్తూ పోయి, ఎన్ని రెట్లు పలచన చేశాక నాలుకకి మంట తెలియకుండా పోతుందో చూడటమే ఆ లెక్క. బుట్ట మిరపకి ఆ లెక్కలో సున్నా. ఈశాన్య రాష్ట్రాల భూత్ జొలొకియా పది లక్షలు దాటి 2007లో గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. 2023లో పెప్పర్ ఎక్స్ అనే అమెరికన్ మిరప 26 లక్షల 93 వేలతో రికార్డు కొట్టింది. సరదాకి ఇలాంటివి కుండీలో పెంచేవాళ్లు ఇప్పుడు మన ఊళ్లలోనూ కనిపిస్తున్నారు. చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ సరదా వద్దు.

ఒకే మొక్క కాయల్లోనూ కారం ఒక్కలా ఉండదు. వానల్లో నీళ్లు ఎక్కువ తాగిన మొక్క కాయ చప్పబడుతుంది. ఎండ ముదిరి, నీరు తగ్గి మొక్క కాస్త ఇబ్బంది పడ్డప్పుడు అదే మొక్క కాయ చుర్రుమంటుంది. శ్రావణంలో ‘ఈ మిరప ఉత్త దండగ’ అని పీకేయబోయినవాళ్లు ఫాల్గుణం దాకా ఆగితే మాట మార్చుకోవాల్సి వస్తుంది.

బజ్జీ మిరప పక్కన కారం మిరప నాటితే బజ్జీ కాయలకీ కారం ఎక్కుతుందని ఒక నమ్మకం బలంగా ఉంది. ఈ ఏడాది కాయకి ఆ భయం లేదు. కాయ గుజ్జు, ఈనె రెండూ తల్లి మొక్క శరీరంలో భాగాలే. పక్క మొక్క పుప్పొడి ప్రభావం ఉండేది లోపలి గింజ మీద. ఆ గింజ దాచి మరుసటేడు నాటితేనే ఘాటు బజ్జీలు తినాల్సి వస్తుంది. అంటే పెద్దవాళ్ల మాట పూర్తిగా తప్పూ కాదు, ఒక ఏడాది తేడా అంతే.

ఇక రకాలు. అంబలి పక్కన కొరుక్కోడానికీ, రోజూ కూరలోకీ అయితే ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ ఇచ్చిన పూసా జ్వాల పాత నమ్మకస్తురాలు. లేతాకుపచ్చగా, పొడుగ్గా, ముడతలు పడి వేలాడుతుంది. అదే సంస్థ నుంచి వచ్చిన పూసా సదాబహార్ కాయలు గుత్తులుగా ఆకాశం వైపు నిలబడతాయి. మొక్క రెండు మూడేళ్లు బతుకుతుంది. పెరడు చిన్నదైతే, ఏటా నారు పోసే ఓపిక లేకపోతే దీన్ని మించింది లేదు. గుంటూరు దగ్గర లాం పరిశోధన కేంద్రంలో పుట్టిన జీ-4ని భాగ్యలక్ష్మి అని కూడా అంటారు. పచ్చికీ ఎండుకీ రెండిటికీ పనికొస్తుంది. బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ వారి అర్కా లోహిత్ మంచి ఘాటు. వాళ్లదే అర్కా మేఘన హైబ్రిడ్, వైరస్‌నీ రసం పీల్చే పురుగులనీ కొంత ఓర్చుకుంటుంది. చల్ల మిరపకాయలు పెట్టే అలవాటున్న ఇల్లయితే మరీ సన్నటివి కాకుండా పొట్టిగా, తోలు కాస్త దళసరిగా ఉన్న రకం ఒక మొక్కయినా ఉండాలి. సన్నటి కాయ మజ్జిగలో నాని ఎండేసరికి తోలూ గింజలే మిగులుతాయి.

వేసవిలో ఆవకాయకి కావాల్సిన కారం కూడా పెరట్లోనే పండించుకుందామని కొందరు ఉత్సాహపడతారు. నాలుగు కిలోల పండుమిరప ఎండబెడితే ఎండుమిరప వచ్చేది సుమారు కిలో. ఆరు కుండీలతో ఆ లెక్క తేలదు. ఎండుమిరప కొట్లో కొని, పెరట్లో పచ్చిమిరప, బజ్జీ మిరప పెంచుకోవడమే లాభం. నలుగురున్న ఇంటికి మూడు కారం మొక్కలు, రెండు బజ్జీ మొక్కలు బాగా కాస్తే ఇరుగుపొరుగుకి పంచాల్సి కూడా రావచ్చు.

బుట్ట మిరప కథ వేరు. దీన్నే బెంగళూరు మిరప అనీ, సిమ్లా మిరప అనీ అంటారు. ఆ పేర్లలోనే దాని తత్వం ఉంది. రెండూ చల్లటి ఊళ్లే. రాత్రి వేడి ఇరవై డిగ్రీలకి పైన చాలాకాలం నిలిస్తే దీని పూత రాలిపోతుంది. పగలు ముప్పై అయిదు దాటితే ఇక చెప్పక్కర్లేదు. ఫిబ్రవరిలో నాటి, ఏప్రిల్ ఎండలో రాలే పువ్వులు లెక్కపెట్టుకుంటూ ఎరువు మార్చీ మందు మార్చీ విసిగిపోయేవాళ్లు చాలామంది. తప్పు ఎరువుది కాదు, క్యాలెండర్‌ది. సముద్రం ఒడ్డున మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో దీనికి దొరికేది శీతాకాలం నాలుగు నెలలే. ఇక్కడివాళ్లకి గుర్తుండేలా చెప్పాలంటే, వినాయక చవితి వెళ్లాక గింజ నానేయాలి. విజయనగరంలో పైడితల్లి సిరిమాను తిరిగిన తరవాత నారు నాటాలి. అరసవిల్లి రథసప్తమి నాటికి కోతలో ఉండాలి. శివరాత్రి దాటితే ఆశ వదులుకోవాలి. దాదాపు నూరేళ్లనాటి కాలిఫోర్నియా వండర్ ఇప్పటికీ దొరుకుతుంది. అర్కా గౌరవ్ పండితే నారింజ పసుపులోకి తిరుగుతుంది, వేళ్ల నుంచి వచ్చే బాక్టీరియా వడలు తెగులుని తట్టుకుంటుంది. తేమ ఎక్కువున్న మన నేలల్లో ఇది చిన్న గుణం కాదు.

కొట్లో ఆకుపచ్చది ఒక రేటు, ఎరుపూ పసుపూ ఇంకో రేటు చూసి అవి వేరే మొక్కలనుకోవడం సహజం. ఆకుపచ్చది అంటే పండని కాయ. దాన్నే మొక్క మీద మూడు నాలుగు వారాలు ఆపితే రకాన్ని బట్టి ఎర్రగానో పసుపుగానో పండుతుంది. తీపీ, సి విటమినూ రెండూ పెరుగుతాయి. హంగరీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్ జార్జి సి విటమిన్‌ని పెద్ద ఎత్తున తీసింది తను పనిచేసిన ఊరు సెగెడ్‌లో పండే మిరపల నుంచే. 1937లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. బుట్ట మిరప ఎండకి నిలవదని దిగులుపడేవాళ్లు బజ్జీ మిరపనే ఎర్రగా పండనిచ్చి కూరలో వేసి చూడాలి. ఆ తియ్యదనం ముందు బుట్ట మిరప లేని లోటు పెద్దగా తెలియదు.

మొక్కకి అసలు శత్రువు ముడత. ఆకు అంచులు పైకి పడవలా ముడుచుకుంటే అది తామర పురుగు పని, రైతులు పై ముడత అంటారు. కిందికి తిరగేసిన పడవలా వంగితే నల్లి, అది కింది ముడత. రెండిటికీ మందు ఒకటి కాదు కాబట్టి ఆకు ఎటు వంగిందో చూడకుండా ఏదీ కొట్టకూడదు. 2021-22లో కొత్త రకం తామర పురుగు వచ్చి పువ్వుల్లో దూరి, తెలుగు రాష్ట్రాల్లో మిరప తోటల్ని తుడిచిపెట్టేసింది. రైతులు తోటలకి తోటలే దున్నేశారు. పెరట్లో అయిదు మొక్కలకి అంత భయం అక్కర్లేదు. నీలం రంగు జిగురు అట్టలు కట్టి, లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కాసింత సబ్బు నురగ కలిపి వారానికోసారి సాయంత్రం ఆకు అడుగున తగిలేలా కొట్టడం చాలావరకు సరిపోతుంది. నల్లికి నీటిలో కరిగే గంధకం లీటరుకి మూడు గ్రాములు. చిగుళ్లు గిడసబారి ఆకులు చిన్నవైపోయి వైరస్ పట్టిన మొక్కని మాత్రం జాలిపడకుండా పీకి పారేయాలి. జాలిపడితే పక్కవాటికీ అంటుతుంది.

నేల మీదా, కుండీలోనా అనేది ఇక్కడ ఇష్టాయిష్టాల ప్రశ్న కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ. మిరప నారు నిలదొక్కుకునే సరిగ్గా అదే నెలలో తుఫాన్లు మన తీరాన్ని పలకరిస్తాయి. మిరప గాలికైనా కొంత ఓర్చుకుంటుందేమో కానీ, వేళ్ల దగ్గర రెండు రోజులు నీరు నిలిస్తే నిలువునా వాడిపోతుంది. నేల మీద వేస్తే జానెడు ఎత్తు బోదె మీదే నాటాలి. కుండీ అయితే తుఫాను హెచ్చరిక వినగానే వరండాలోకి లాగేయొచ్చు. పన్నెండంగుళాల కుండీ, అడుగున బెజ్జాలు, ఎర్రమట్టి ఒక పాలు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు. కొబ్బరి తోటల ఉద్దానంవాళ్లకి ఆ మూడోదానికి కొదవ లేదు. వాళ్లకి కొదవగా ఉండేది మట్టి. అక్కడి ఇసుక నేలలో నేరుగా నాటితే పోసిన నీరు పోసినట్టే దిగిపోతుంది.

రకం పేరు తెలిసిన గింజ కావాలంటే ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రంలో వాకబు చేయొచ్చు. బెంగళూరు సంస్థ విత్తనాలు పోస్టులో తెప్పించుకునే వీలుంది. హైబ్రిడ్ కాని రకమై, పక్కన వేరే రకం మిరప లేకపోతే ఒక్కసారి కొంటే చాలు. రెండో కోతలో, ముడత సోకని మొక్క మీద, బాగా ఎర్రబడ్డ కాయలు రెండు ఎంచి నీడలో ఎండబెట్టి, గింజలు తీసి బూడిదలో కలిపి సీసాలో పెట్టాలి. సీసా మీద రకం పేరు, ఏడాది రాయాలి. ‘గుర్తుంటుందిలే’ అని వదిలేసిన సీసా వచ్చే ఏడు బజ్జీ మిరపో కారం మిరపో తేల్చలేక, మళ్లీ మొదటి ప్రశ్నకే తీసుకొస్తుంది.

మే నెలలో ఆకులు రాలి, కాపు ఆగిపోయిన మొక్కని చచ్చిందనుకుని పీకేయకూడదు. మొదలు పచ్చిగా ఉంటే సగానికి కత్తిరించి, నీడకి జరిపి, రెండు రోజులకోసారి చెంబుడు నీళ్లు పోస్తూ ఉంటే మృగశిర కార్తె చినుకులకి కణుపుల దగ్గర కొత్త చిగుళ్లు పొటమరిస్తాయి. జూలై చివరికి మళ్లీ పూత.