చీర గుడ్డ అట్టల్లో సికింద్రాబాద్ కవి

1968లో సికింద్రాబాద్‌కు చెందిన ఒక సివిల్ ఇంజనీరు ఇంగ్లీషు కవితల పుస్తకం కలకత్తాలో అచ్చయింది. పుస్తకం పేరు ‘బోన్స్ అండ్ డిస్టెన్సెస్’, కవి శ్రీనివాస్ రాయప్రోల్. ఇంటిపేరు చివర ఉకారం ఎగిరిపోయినా, ఏ ఇంటివాడో తెలుగు పాఠకుడు ఇట్టే పట్టేస్తాడు. ‘తృణకంకణం’ రాసి భావకవిత్వానికి బాట వేసిన రాయప్రోలు సుబ్బారావు కొడుకే ఈయన. స్టాన్‌ఫర్డ్‌లో ఇంజనీరింగ్ చదివిన రోజుల్లోనే అమెరికన్ కవి విలియం కార్లోస్ విలియమ్స్‌తో ఉత్తరాల స్నేహం కుదిరింది. స్వదేశం వచ్చాక 1956 నుంచి కొన్నేళ్లు సికింద్రాబాద్ నుంచే ‘ఈస్ట్ అండ్ వెస్ట్’ అనే ఇంగ్లీషు సాహిత్య పత్రిక నడిపారు.

ఆ పుస్తకం వేసింది రైటర్స్ వర్క్‌షాప్. సెయింట్ జేవియర్స్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పే పి. లాల్ 1958లో కొందరు మిత్రులతో మొదలుపెట్టిన సంస్థ. ఆఫీసంటే లేక్ గార్డెన్స్‌లోని ఆయన ఇల్లే. అక్షరాలు చేత్తో పేర్చి అచ్చు వేయించేవారు. ముఖపత్రం మీద పేరును లాల్ స్వయంగా కలంతో అందంగా రాసేవారు. అట్టలకు చేనేత చీర గుడ్డ అంటించేవారు. అంచు పడ్డ చోటును బట్టి ఒకే పుస్తకం రెండు ప్రతులు ఒకేలా ఉండకపోవచ్చు. విక్రమ్ సేఠ్, ఆగా షాహిద్ అలీల తొలి కవితా సంపుటాలు వెలువడింది ఇక్కడి నుంచే.

ఇంగ్లీషులో రాసే భారతీయ కవికి అప్పట్లో ఇంటా బయటా ఆదరణ లేదు. ఆ కవిత్వానిది ముందుకు పోలేని దారి అని బెంగాలీ కవి బుద్ధదేవ్ బోస్ 1963లో ఒక విజ్ఞానకోశంలో తేల్చేశారు. లాల్ ఊరుకోలేదు. దేశంలో ఇంగ్లీషులో రాస్తున్న కవులకు ప్రశ్నావళి పంపి, జవాబులనూ కవితలనూ కలిపి 1969లో లావాటి సంకలనం వేశారు.

మరి డబ్బు? కవికి అడ్వాన్సు లేదు. పైగా తన పుస్తకం వంద ప్రతులు తనే కొనుక్కోవాలి. సొంత డబ్బుతో వేయించుకునే ముచ్చట అని విమర్శకులు వెక్కిరించారు. తెలుగువాళ్లకు మాత్రం ఇందులో వింతేముంది? మన కవుల్లో ఎందరో జీతం డబ్బుతో పుస్తకం వేసుకుని, ఆవిష్కరణ సభలో సగం పంచి, మిగతా సగం మంచం కింద దాచుకున్నవాళ్లే. అసలు చిక్కు మరోచోట ఉంది. ఏది అచ్చు వేయాలో ఒక్క మనిషి అభిరుచే నిర్ణయించేది. మూడు వేలు దాటిన ఆ పుస్తకాల్లో తాలూ గింజా కలిసే ఉన్నాయి. షాపుల్లో దొరకడమూ కష్టమే. కొన్ని వందల ప్రతులు వేసే సంస్థ ఊరూరా ఏం పంపగలదు?

రాయప్రోల్ మాత్రం ఆ ఇంటిని వదల్లేదు. 1972లో ‘మ్యారీడ్ లవ్ అండ్ అదర్ పోయమ్స్’, 1995లో ‘సెలెక్టెడ్ పోయమ్స్’ కూడా అక్కడే వేయించారు. 1998లో ఆయన, 2010లో లాల్ కన్నుమూశారు. సంస్థను లాల్ కుటుంబం నడుపుతోంది. రాయప్రోల్ పేరుతో యువ ఇంగ్లీషు కవులకు ఒక బహుమతి ఏర్పడింది. 2020లో ఇంగ్లండులోని కార్కనెట్ సంస్థ ‘యాంగ్యులర్ డిజైర్’ పేరుతో ఆయన కవితలనూ వచనాన్నీ ఏరి మళ్లీ అచ్చు వేసింది.