గొలుసు యంత్రముల పండ్లచక్రములు – వాని యెన్నిక, సంరక్షణము

చెఱువుల పూడిక తీయుటకును, మెఱకభూములను చదును చేయుటకును, కాలువలు త్రవ్వుటకును గొలుసుమీద నడచు పెద్ద యంత్రములు నేడు మన గ్రామములకు తఱచుగా వచ్చుచున్నవి. తెలంగాణమున 2015లో మిషన్ కాకతీయ యను పేర చెఱువుల పునరుద్ధరణము ఆరంభమైనప్పుడు, ఇట్టి యంత్రములు తీసిన ఒండ్రుమట్టిని రైతులు ట్రాక్టర్లమీద తమ చేలకు తోలుకొనిరి. ఏ కంపెనీవారి త్రవ్వుయంత్రమైనను మనవారు "ప్రొక్లెయిను" అనియే పిలుతురు. పొక్లెయిన్ అనునది నిజమునకు ఫ్రాన్సు దేశపు కంపెనీ యొకదాని పేరు.

సంఘములు గాని, నలుగురు రైతులు కలసి గాని పాతయంత్రమును కొనదలచినప్పుడు ఇంజనును ఆడించి చూతురు. బొక్కెనను ఎత్తించి చూతురు. రంగు చూచి మురియుదురు. క్రిందికి వంగి గొలుసును, దానిని లాగు చక్రమును చూచువారు అరుదు. అయితే గొలుసు యంత్రమునకు ఆయుష్కాలమున నగు మరమ్మతు వ్యయములో సగము వరకు ఈ క్రిందిభాగమే మ్రింగునని యంత్రములు చేయువారే చెప్పుచుందురు. సభ్యులు వాటాలుగా కట్టిన సొమ్ము ఇచ్చటనే కరగిపోవును. కావున ఈ భాగమునందలి ముఖ్యాంగమైన పండ్లచక్రమును గూర్చి కొంత వివరింపదలచినాము. మిస్త్రీలు దీనినే స్ప్రాకెట్ అందురు.

పండ్లచక్రము చేయు పని

సైకిలు నెఱుగని రైతు లేడు. కాలితో త్రొక్కగా పండ్లచక్రము తిరిగి గొలుసును లాగును. గొలుసు వెనుకచక్రమును త్రిప్పును. పెద్ద యంత్రమునందును సూత్ర మిదియే. అయితే ఇచ్చట గొలుసు నేలమీద పఱచిన బాటవలె నుండును. ఇంజను బలముచే తిరుగు చక్రము ఆ బాటను పట్టుకొని లాగికొనగా యంత్రము ముందునకు సాగును.

ఇట్టి యంత్రము సేద్యముకొఱకే పుట్టినదని మన రైతులు తెలిసికొనదగును. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున స్టాక్టన్ పట్టణము చెంతనున్న మెత్తని నేలలలో చక్రముల ట్రాక్టర్లు దిగబడుచుండెను. బెంజమిన్ హోల్ట్ అను నతడు 1904 నవంబరులో చక్రములకు బదులు గొలుసుబాటను అమర్చి పరీక్షించి జయము గాంచెను. 1925లో హోల్ట్ కంపెనీయు, బెస్ట్ కంపెనీయు కలిసి కేటర్‌పిల్లర్ కంపెనీ యయ్యెను.

గొలుసునందు ఇనుప లింకులు, వానిని కలుపు పిన్నులు, పిన్నుల చుట్టు తొడిగిన బుష్షులు, నేలను తాకు పలకలు ఉండును. చక్రము పండ్లు పట్టుకొనునది ఈ బుష్షులనే. ముందువైపున గొలుసును త్రిప్పి పంపు నునుపు చక్రము ఐడ్లరు. పైనను క్రిందను రోలర్లు ఉండును.

అఱుగుదల యెట్లు కలుగును

గొలుసు సాగినదని వాడుకగా అందురు. నిజమునకు ఇనుము సాగదు. పిన్నును బుష్షును ఒకదానితో నొకటి రాచుకొని లోపల అఱుగును. ఒక్కొక్క కీలున 2 మిల్లీమీటర్లు మాత్రమే అఱిగినను, 45 కీళ్లు గల గొలుసు 90 మిల్లీమీటర్లు పొడుగగును. అనగా బుష్షునకు బుష్షునకు గల దూరము పెరుగును. చక్రము పండ్లమధ్య దూరము మాత్రము ముందున్నట్లే యుండును.

అప్పుడు బుష్షు పండ్లనడుమ గుంటలో కూర్చొనక పన్నుపైకి ఎగబ్రాకును. పన్ను కొన దగ్గఱ రాపిడి హెచ్చును. మొద్దుగానున్న పన్ను సన్నగిల్లి, మొన దేఱి, తుదకు కొడవలివలె ఒకవైపునకు వంగినట్లు కానవచ్చును. కమ్మరి కొడవలిని ఎఱ్ఱగా కాచి నీట ముంచి గట్టిపఱచునట్లే, ఈ పండ్ల పైపొరను కూడ కాచి గట్టిపఱచుదురు. ఆ పొర యున్నంతకాలము అఱుగుదల మెల్లగా నుండును. అది పోయిన పిదప లోపలి మెత్తని యుక్కు త్వరితముగా తరగిపోవును.

దీనినుండి తెలియవలసిన ముఖ్యవిషయ మొక్కటి కలదు. చక్రమును గొలుసును కాడి క్రింది జతయెడ్లవంటివి. అఱిగిన గొలుసునకు క్రొత్తచక్రమును తగిలించిన, పండ్లదూరము గొలుసుదూరముతో కలియదు. బరువంతయు ఒకటి రెండు పండ్లమీదనే పడి క్రొత్తచక్రము కొలది కాలములోనే పాతదాని స్థితికి వచ్చును. అఱిగిన చక్రముమీద క్రొత్తగొలుసు వేసినను నష్టమిట్టిదే. చక్రము మాత్రమే మార్చి తక్కువలో సరిపెట్టుకొంటిమని సంతసించి, కొన్ని నెలలకే మఱల సొమ్ము వెచ్చించినవారిని మేము పలుచోట్ల చూచియున్నాము.

కొలిచి తెలిసికొనుట

కంటితో చూచి చెప్పుటకంటె కొలుచుట మేలు. మొదట గొలుసు పైవరుసను బిగువుగా నిలుపవలెను. ఒక పిన్ను అంచునుండి అయిదవ పిన్ను యొక్క అదేవైపు అంచువఱకు టేపుతో కొలిచిన నాలుగు లింకుల పొడవు తెలియును. 20 టన్నుల తరగతి త్రవ్వుయంత్రములలో విస్తారముగా వాడు గొలుసునకు లింకు దూరము 190 మిల్లీమీటర్లు. కావున క్రొత్తదైనచో నాలుగు లింకులు 760 ఉండును. లింకునకు 4 మిల్లీమీటర్ల వంతున పెరిగి 776 దగ్గఱకు వచ్చినచో ఆ గొలుసు కాలము తీరినదని యెంచవలెను. గొలుసును విప్పుటకై అమర్చిన ప్రత్యేకపు లింకును ఈ కొలతలో చేర్చరాదు. ఎడమ, కుడి గొలుసులను వేర్వేఱుగా రెండేసి తావుల కొలువవలెను. ఇతర యంత్రములకు హద్దులు వేఱుగా నుండును గాన వాని పుస్తకములను చూడవలెను.

కొలత చూచిన పిదప నిర్ణయము సులభము. గొలుసు ఇంకను మంచిదై పన్ను విఱిగినచో చక్రము మార్చుట న్యాయమే. బుష్షులు ఒకవైపుననే అఱిగియున్నచో, వానిని ప్రెస్సు గల కార్ఖానాలో అర్ధవలయము త్రిప్పి క్రొత్తముఖమును పండ్లవైపునకు తేవచ్చును. ఆ సమయమున చక్రమును కూడ మార్చుట లాభకరము. గొలుసు హద్దునకు వచ్చినచో క్రొత్తచక్రముమీద సొమ్ము పోయరాదు. రెంటిని కలిపి పనిచేయించి, బుష్షు పగులుటకును గొలుసు పండ్లమీద ఎగిరిపడుటకును ముందే రెంటిని ఒక్కసారిగా మార్చవలెను.

కొన్ని గొలుసుల కీళ్లలో నూనె నింపి మూసియుంచుదురు. నూనె నిలిచినంతకాలము అట్టి కీలు లోపల అఱుగదు. నూనె కారిపోయిన కీలు పని ముగియునప్పటికి తక్కినవానికంటె మిక్కిలి వేడెక్కును. చేయి దగ్గఱగా పెట్టి చూచిన తెలియును గాని, తాకరాదు.

క్రొత్తచక్రము నెన్నుకొనుట

మొదటిది, గొలుసు లింకు దూరము, పండ్లసంఖ్య, బోల్టు రంధ్రముల సంఖ్య, వాని వలయపు వ్యాసము యంత్రపు పుస్తకములోని వానితో సరిగా కలియవలెను. చూపునకు ఒకటిగా నున్న చక్రములలో కొలతలు వేఱై యుండును. పాతచక్రముమీద ముద్రించిన సంఖ్యను వ్రాసికొని అంగడికి పోవుట మంచిది.

రెండవది, కొన్ని బుల్‌డోజరులలో బుష్షు ఒక పన్ను విడిచి ఒక పన్నున పడును. అట్టి చక్రమునకు పండ్లు బేసిసంఖ్యలో ఉండును. 25 పండ్లున్నచో బుష్షులు మొదటి చుట్టులో 1, 3, 5 అను వరుసను 25 వఱకు పోయి, రెండవ చుట్టులో 2, 4, 6 పండ్లమీద పడును. ప్రతి పన్నునకును ఒక చుట్టు విశ్రాంతి దొరకును. సరిసంఖ్య యైనచో సగము పండ్లే యెల్లప్పుడును పనిచేసి అఱిగిపోవును. కాబట్టి సంఖ్యను మార్చరాదు.

మూడవది, గట్టిదనము. మంచి ఆకురాయిని పన్ను ప్రక్కన రాచినచో అది జాఱిపోవలెను. ఇనుము పొడిగా రాలినచో పైపొర గట్టిపడలేదని గ్రహింపవలెను. వెల తక్కువని అట్టి సరకు తీసికొనరాదు.

నాలుగవది, అమరిక. త్రవ్వుయంత్రములకు చక్రము తఱచు ఒకే వలయముగా నుండును. పెక్కు బుల్‌డోజరులకు చక్రము ముక్కలుముక్కలుగా బోల్టులతో బిగింపబడును. ముక్కలైనచో గొలుసు విప్పకయే మార్చవచ్చును. బిగించునప్పుడు రెండు ముఖముల త్రుప్పును, రంగును, మట్టిని గీకివేసి, క్రొత్తబోల్టులు వేసి, పుస్తకమున చెప్పిన బిగువునకు కొలత గల పానాతో ఎదురెదురుగా బిగింపవలెను. కొన్ని గంటలు పనిచేసిన పిదప మఱల బిగువు చూడవలెను. అఱిగిన పండ్లమీద వెల్డింగుతో ఇనుము పోయుట కొందఱు చేయుదురు. ఆకారము సరిగా రాక, గట్టిదనము చెడి, అది క్రొత్తబుష్షులను కూడ పాడుచేయును.

నిత్యసంరక్షణము

మట్టి. పండ్లనడుమ గుంటలలో మట్టి కూరుకొనిన చక్రము లావైనట్లగును. గొలుసు బిగిసి, ప్రతి కీలునను రాపిడి పెరుగును. నల్లరేగడి ఒక్క రాత్రిలో ఆఱి ఇటుకవలె గట్టిపడును. కావున సాయంకాలము తడిగా నున్నప్పుడే పాఱతో తీసివేయవలెను. బురదపనికి నడుమ రంధ్రములున్న పలకలు మేలు. పండ్లు మట్టిని ఆ రంధ్రములగుండ వెలికి త్రోయును.

బిగువు. గొలుసు మిక్కిలి బిగిసిన పండ్లు, బుష్షులు, ఐడ్లరు అన్నియు అఱుగును. మిక్కిలి వదులైనచో మలుపులలో గొలుసు జాఱిపోవును. త్రవ్వుయంత్రమునకు పైభాగమును ప్రక్కకు త్రిప్పి, బొక్కెనను నేలకు ఊని, ఒకవైపు గొలుసును పైకెత్తి, దిమ్మలు పెట్టి, మెల్లగా త్రిప్పి మట్టి రాల్చి, యంత్రమును నిలిపిన పిదప చట్రపు అడుగునుండి వ్రేలాడు గొలుసువఱకు గల దూరమును కొలువవలెను. బుల్‌డోజరునకు ఐడ్లరునుండి పైరోలరువఱకు ఒక తిన్నని కమ్మి ఉంచి, గొలుసు ఎంత దిగియున్నదో చూడవలెను. పుస్తకమున చెప్పిన హద్దులలో గట్టినేలకు కొంత బిగువుగాను, బురదకు కొంత వదులుగాను ఉంచవలెను.

ఇచ్చట ప్రాణాపాయ మొకటి కలదు. బిగువు కలిగించునది సిలిండరులోని గ్రీజు. దాని ఒత్తిడి అత్యధికము. వదులు చేయునప్పుడు వాల్వును మెల్లగా, ఒక్క చుట్టు మించకుండ త్రిప్పవలెను. ముఖము గాని, చేయి గాని, దేహము గాని దాని యెదుట ఉంచరాదు. వాల్వు ఊడి ఎగిరి మనుష్యులు మరణించిన సందర్భములు కలవు. అనుభవము లేని కుఱ్ఱవారిచే ఈ పని చేయింపవద్దని సభ్యులను గట్టిగా హెచ్చరించుచున్నాము.

నడపుట. పండ్లచక్రము సామాన్యముగా యంత్రమునకు వెనుక నుండును. ముందునకు పోవునప్పుడు గొలుసు క్రిందివరుసయే బిగిసియుండును. వెనుకకు పోవునప్పుడు పైవరుసయు, ఐడ్లరు చుట్టు భాగమును కూడ బరువు మోయగా, పండ్లును బుష్షులును మిక్కిలి అఱుగును. కావున వెనుకనడకను, అందును వేగముగా పోవుటను తగ్గింపవలెను. ఎల్లప్పుడు ఒకే దిక్కునకు మలుపుచుండిన ఒకవైపు చక్రమే ముందుగా అఱుగును. త్రవ్వుయంత్రపు పైభాగము చుట్టును తిరుగును గాన, నడపువాడు చక్రము ఏవైపున నున్నదో చూచికొని, త్రవ్వునప్పుడు దానిని బొక్కెనకు వెనుకవైపుననే ఉంచుకొనవలెను. ఊరినుండి ఊరికి గొలుసుమీద నడిపింపక ట్రైలరుమీద ఎక్కించుకొని పోవలెను. ట్రైలరు కిరాయి మిగిలినదని సంతోషించువారు ఆ సొమ్మును పండ్లకు చెల్లించుకొందురు.

నూనె. చక్రము వెనుక నూనెజాడ కనబడినచో లోపలి సీలు చెడినదని తెలిసికొని వెంటనే మిస్త్రీకి చూపవలెను. ఉపేక్షించిన గేరుపెట్టె పోవును. అది చక్రముకంటె ఎన్నియో మడుగులు వెలగలది.

వరికోత యంత్రములు

డెల్టాలలో తడిమడులలో దిగు చైను హార్వెస్టరులకు రబ్బరు గొలుసులుండును. రబ్బరులో పొదిగిన ఇనుపముక్కలను పండ్లు పట్టుకొని లాగును. వీనికిని పైసూత్రములే వర్తించును. అదనముగా, పండ్లకు చుట్టుకొన్న గడ్డిని దినదినము కోసి తీయవలెను. గట్టురాళ్లమీదను, రోడ్డుమీదను నిలిచినచోటనే గిరుక్కున త్రిప్పరాదు.

సంఘములు చేయవలసినది

యంత్రము గల ప్రతి సంఘమును ఒక చిన్న పుస్తకము నుంచవలెను. అందు తేదీ, మీటరు చూపు గంటలు, ఎడమ కుడి గొలుసుల నాలుగులింకుల కొలత, గొలుసు వ్రేలాడు దూరము, పండ్ల స్థితి వ్రాయవలెను. నెలకొకసారి ఒక సభ్యుడు, నడపువాడు కలిసి కొలిచిన చాలును. ఇట్టి లెక్క యున్నచో గొలుసు ఎప్పుడు హద్దునకు వచ్చునో ముందుగనే తెలియును. వేసవిలో పూడికతీత తీవ్రముగా జరుగునప్పుడు యంత్రము నిలిచిపోకుండ, వానకాలమున పని లేనప్పుడే సామాను తెప్పించి మార్చుకొనవచ్చును. పాతయంత్రము కొనబోవు సంఘములు అడ్వాన్సు ఇచ్చుటకు ముందే టేపును, ఆకురాయిని వెంటగొని పోవలెను. కొలత హద్దునకు చేరియున్నచో గొలుసులకును చక్రములకును అగు వెలను బేరమునుండి తగ్గింపు మని యడుగుట కొనువారి హక్కు.